జోడీ దింపు

దోహా,
12 జూన్ 2003

విజయన్నకు,

నేను క్షేమంగా చేరాను. ఎర్రవల్లి చౌరస్తాలో నా ట్రంకు పెట్టెకు నువ్వు కట్టిన తాడు ఇక్కడికి వచ్చాక ఎంతకీ ఊడలేదు. చివరికి కత్తితో కోయాల్సి వచ్చింది. ముడి చూసి గది వాళ్లంతా నవ్వారు. నాకు మాత్రం పెట్టె తెరిచేదాకా నువ్వు పక్కనే ఉన్నట్టు అనిపించింది.

ఫోనులో కార్డు అయిపోతుందన్న తొందరే తప్ప మాట సాగదు. అందుకే ఉత్తరాలు రాస్తాను. నువ్వు కూడా రాయి.

ఇక్కడ మేం పడవ వేసేది సముద్రపు పాయలో. ఉప్పునీళ్లలో తెడ్డు మన నీళ్లలో దిగినట్టు దిగదు. సాధన అయ్యాక ప్రతి పడవనూ మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఉప్పు బోల్టులను తినేస్తుంది. మొదటి రోజు నా చేతికి పైపు ఇచ్చారు. తిప్పితే తాగే నీళ్లు వచ్చాయి. వాటిని చూస్తూ ఊరికే నిలబడ్డాను. కోచ్ వచ్చి పైపు పాడైందా అని అడిగాడు. ఆయనది జర్మనీ. మన ఊరి ట్యాంకర్ సంగతి ఆయనకు ఏమని చెప్పను?

హైదరాబాదు రోయింగ్ క్యాంపులో ఇద్దరి పడవను తీసేశాం, ఇకనుంచి దేశం తరఫున పెద్ద పడవలనే పంపుతాం అని చెప్పారు కదా. ఎనిమిది మంది పడవకు మనం పొట్టివాళ్లం. ఇక్కడివాళ్లు ఇద్దరి పడవ నడుపుతాం రమ్మన్నారు. అయితే రెండో పీట వాళ్ల మనిషికే. ఒక్కడినే అడిగారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాజీనామా ఒక్క పూటలో రాసిచ్చాను. నీకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. నువ్వు "పో" అన్నావు. ఆ ఒక్క మాట ఇక్కడ నాకు రోజూ పనికొస్తోంది.

బయలుదేరే ముందు రోజు మనం కృష్ణ దాటాం కదా. నీళ్లు మోకాలిదాకా కూడా లేవు, బండ మీది నుంచి బండ మీదికి నడుచుకుంటూ పోయాం. జోడీ విడిపోయేటప్పుడు చేసే జోడీ దింపు అయిపోయినట్టేనని మనం అనుకున్నాం. ఒడ్డున బోర్లించిన గుండ్రటి పుట్టి పక్కన కూర్చుని అబ్బా అంతా చూశాడు. ఆ తర్వాత ఏమన్నా అన్నాడేమో రాయి.

నేను బాగున్నాను. త్వరలోనే పోటీలు ఉంటాయి.

నీ జమీల్


హైదరాబాదు,
20 ఆగస్టు 2003

తమ్మీ జమీల్‌కు,

నీ ఉత్తరం అందింది. తాడు కోసినందుకు బాధలేదు. అది మా బర్రె తాడు, అవ్వ ఇప్పటికీ వెతుకుతోంది.

నేను క్యాంపులోనే ఉన్నాను. నలుగురి పడవలో కూర్చోబెడుతున్నారు. నా ముందు పీట మీద కేరళ అబ్బాయి. వాడికి తెలుగు రాదు, నాకు వాడి భాష రాదు. తెడ్డు వేసే ముందు ఇద్దరం "ఊ" అనుకుంటాం. అంతా బాగానే ఉంది.

మొన్న ఊరికి పోయినప్పుడు మీ ఇంటికి పోయాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. పైపు దగ్గరికి వచ్చేసరికి చిన్నమ్మ ఆపింది.

"తాగే నీళ్లతోని పడవ కడుగుతరా? ఒక్క పడవను ఈడికి పంపుమను. ఆ కడిగిన నీళ్లు నేను పట్టుకుంట. బర్రెకు పోస్త."

"ఉప్పుంటది చిన్నమ్మా" అన్నాను.

"ఉండనీ. బర్రెకు ఉప్పు మంచిదే" అంది. మీ అమ్మ నవ్వుతూనే అంది కానీ బిందెలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. జూరాల డ్యాం నుంచి ఇంకా చుక్క వదల్లేదు. ఏట్లో మేకలు మేస్తున్నాయి.

దింపు సంగతి మీ అబ్బాను, చిన్నాయనను, నేనే అడిగాను. ఏరు ఎండిపోయింది కాబట్టి నడిచి దాటాం, అయినట్టే కదా అన్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నడిచి దాటితే దింపెట్లైతది రా? కాళ్లున్నోడు ఎవడైనా దాటుతడు. నీళ్లుండాలె. పోయేటోడు ఒక్కడే తెడ్డు పట్టాలె. ఉండేటోడు చేతులు ఒళ్లె పెట్టుకొని కూసోవాలె. అవతలి ఒడ్డుకు దించి, తెడ్డు కడిగి ఆని చేతుల పెట్టాలె. గప్పుడు జోడీ తెగుతది. మీ నాయన తిరుపతయ్య నేను ఒక్క పుట్టి మీద ఎన్నేండ్లు నడిచినం! భూమి కౌలుకు పట్టిననాడు నన్ను దించినంకనే నాగలి ముట్టిండు."

"దించకుంటే ఏమైతది చిన్నాయనా?"

"ఏమి గాదు. ఉండేటోని చెయ్యి, పోయినోని కోసం సూస్తుంటది. అంతే."

ఆయనకు కోపమని నేను అనుకోలేదు. ఏదో పని సగంలో ఆగినట్టు మాట్లాడాడు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. పడవ బాగా వెయ్యి.

విజయ్


దోహా,
18 జనవరి 2004

విజయన్నకు,

నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని రాస్తున్నాను. రెండింటి మీదా హైదరాబాదు అని రాశావు. కవరు మీద ముద్ర మాత్రం మన ఇటిక్యాల పోస్టాఫీసుది. నువ్వు క్యాంపులో లేవు. మన పోలీసు బెటాలియన్‌కు తిరిగి వచ్చేశావు, కదా? ఎప్పుడు వచ్చావు? ఎందుకు వచ్చావు? నాకు దాచాల్సిన పని ఏమొచ్చింది?

అబ్బా భుజం ఎత్తలేకపోతున్నాడని, నువ్వే వనపర్తి దవాఖానకు తిప్పుతున్నావని అమ్మీ ఎస్‌టీడీ బూత్ నుంచి చెప్పింది. నేను చేయాల్సిన పని అది. నువ్వు చేస్తున్నావు. దీనికి థాంక్స్ అని రాస్తే ఆ మాట చిన్నగా కనిపిస్తోంది, అయినా రాస్తున్నాను.

పోయిన నెల నాకు ఇక్కడి పాస్‌పోర్టు ఇచ్చారు. మనదాన్ని వెనక్కి ఇచ్చేశాను. రెండూ ఉంచుకునే వీలు లేదు. కౌంటరు దగ్గర ఇచ్చి, బయటికి వచ్చి, ఖాళీ జేబును రెండుసార్లు తడుముకున్నాను. అబ్బాకు ఈ మాట నువ్వే చెప్పు. నేను ఫోనులో చెప్పలేకపోయాను.

ఇక్కడ నన్ను చిన్న పిల్లలకు నేర్పమన్నారు. మొదటి రోజే ఒక పిల్లవాడు అడిగాడు, పోయే దిక్కుకు వీపు పెట్టి ఎందుకు కూర్చుంటాం అని. పుట్టిలో మనం ముందుకే చూస్తాం కదా, ఈ పడవలో మొదటిసారి కూర్చున్నప్పుడు నువ్వు కూడా అదే అడిగావు. ఇద్దరి పడవలో లయ ఇచ్చేవాడికి వదిలిన నీళ్లు కనిపిస్తాయి, వాడి వెనకవాడికి వాడి వీపు కనిపిస్తుంది అని పిల్లలకు చెప్పాను. చెప్పాక ఆలోచించాను. అన్నేళ్లు నువ్వు నా వీపే చూశావు. నేను నిన్ను పడవలో ఒక్కసారి కూడా చూడలేదు. నా వెనక నీ ఊపిరి మాత్రం విన్నాను.

నిజం రాయి.

జమీల్


వనపర్తి,
7 మార్చి 2004

తమ్మీ జమీల్‌కు,

దవాఖాన వరండాలో కూర్చుని రాస్తున్నాను. చిన్నాయన లోపల ఉన్నాడు, భుజానికి కరెంటు పెడుతున్నారు. ఎముక అరిగిందట. తెడ్డు పట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. "ఏట్ల నీళ్లు లేవమ్మా, నువ్వు పట్టుమన్నా ఏడ పట్టాలె?" అని ఈయన జవాబు. ఆమె నవ్వి మాత్రలు రాసింది.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆగస్టు మొదట్లోనే నన్ను క్యాంపు నుంచి పంపించేశారు. కేరళ అబ్బాయి తప్పేమీ లేదు, మంచి బలమున్నవాడు. నా తెడ్డే కుదరలేదు. వాడు వంగే ముందే నేను వంగేవాణ్ణి, నువ్వు వంగే చోట. వాడు లాగాక కూడా నా చెయ్యి ఇంకొక రవ్వంత ఆగేది, నువ్వు ఆగే చోట. కోచ్ ముందు అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు. అప్పుడే నాకు అర్థమైంది. ఇప్పుడు బెటాలియన్ గేటు దగ్గర కాపలా. నీకు చెబితే నీ తెడ్డు కూడా తడబడుతుందని చెప్పలేదు. ముద్ర సంగతి నాకు తట్టలేదు. పోలీసువాణ్ణే అయినా.

గేటు దగ్గర మనవాళ్లు ఊరుకుంటారా! "ఏమన్నా, నీ జోడీ షేక్ అయిండంట గద, ఒంటెను పంపమనరాదు, మనం డ్యూటీకి దాని మీదనే పోదము" అని రోజూ ఒకటే పాట. నేను కూడా నవ్వుతాను.

పాస్‌పోర్టు సంగతి చిన్నాయనకు చెప్పాను. ఒకటే అడిగాడు. "అంటే వాడు ఇంటికి రావాల్నంటే ఇగ గవుర్మెంటును అడగాల్నా?" అవును, వీసా అని ఉంటుంది, ఇస్తారు అన్నాను. "ఇస్తరు లే" అన్నాడు.

ఇంకొకటి కూడా రాయాలి. ఎర్రవల్లి హోటల్‌లో లారీ డ్రైవరు ఒకడు ఆయన్ను పట్టుకున్నాడు. "ఏం చోటే మియా, రేపు మనోళ్లతోని పోటీ పడ్తె నీ కొడుకు మనోళ్లను ఓడిస్తడా?" అన్నాడు. వెటకారమే. చిన్నాయన వాడి వైపు చూసి "ఓడించకుంటే తెడ్డెందుకు పట్టుడు?" అన్నాడు. హోటలంతా నవ్వింది. ఆయన మాత్రం చాయ్ తాగకుండానే లేచి వచ్చేశాడు.

చిన్నమ్మ నేను పోయినప్పుడల్లా రొట్టె పెట్టకుండా పంపదు. మా అవ్వ పోయాక ఈ నాలుగు నెలలూ నేను ఇంటి తిండి తిన్నది మీ ఇంట్లోనే. అవ్వ సంగతి కూడా నీకు రాయలేదు. నవంబరులో పోయింది. బాధ పడలేదు, నిద్రలోనే పోయింది. మీ అబ్బానే ముందు నిలబడి అన్నీ చేయించాడు. కాబట్టి దవాఖానకు థాంక్స్ అని మళ్లీ రాయకు.

ఇక నేను ఒకటి అడుగుతాను. పేపరులో వెతుకుతున్నాను. ఏ పోటీలోనూ నీ పేరు లేదు. ఎందుకు?

విజయ్


దోహా,
2 మే 2004

విజయన్నకు,

అవ్వ సంగతి చదివి సాధనకు పోలేదు. చిన్నప్పుడు మీ ఇంట్లో అన్నం తినేటప్పుడు "మా ఇంట్ల తిన్నట్టు మీ అమ్మకు చెప్పకు, అక్కడ కూడా తిను" అనేది. రెండు ఇళ్లలోనూ తినే ఈ ఒళ్లు పెంచాను.

నా సంగతి. ఒక దేశానికి పడవ నడిపినవాడు ఇంకో దేశానికి నడపాలంటే మొదటి దేశపు సంఘం విడుదల చేస్తున్నామని రాసివ్వాలి. లేకపోతే రెండేళ్లు పోటీ లేకుండా ఆగాలి. ఈ సంగతి ఇక్కడికి వచ్చాకే పూర్తిగా తెలిసింది. వీళ్లు రాశారు. మనవాళ్ల నుంచి జవాబు రాలేదు. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు వెయ్యి పనులు.

అందుకని ఆగుతున్నాను. పొద్దున అందరితో సాధన చేస్తాను. పోటీ రోజున ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా పీట మీద ఇంకొకడు కూర్చుంటాడు. వాళ్లు వచ్చాక పడవ కడుగుతాను. తిండికి, జీతానికి లోటు లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకరోజు మాత్రం వంటవాడు, మలబారు ఆయన, "నువ్వు పడవ నడుపుతావా, కడుగుతావా?" అని అడిగాడు. నాకు కోపం రాలేదు. ఎక్కువ అన్నం పెట్టాడు.

ఇంట్లో చెప్పకు. కొడుకు ఖాళీగా కూర్చున్నాడంటే అబ్బా తట్టుకోలేడు. పోటీలు ఆడుతున్నాడనే అనుకోనీ.

నువ్వు "పో" అన్నావు, నేను పోయాను. పోయి ఒడ్డున కూర్చున్నాను. నువ్వేమో గేటు దగ్గర నిలబడ్డావు. మనిద్దరిలో పడవలో ఎవరున్నట్టు?

జమీల్


నాగర్‌కర్నూలు,
10 ఏప్రిల్ 2005

తమ్మీ జమీల్‌కు,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పోయిన వేసవిలో పెళ్లయిందని ఫోనులో చెప్పాను కదా, ఆ సుహాసిని పుట్టింటి నుంచి రాస్తున్నాను. మాకు ఆడపిల్ల పుట్టింది. చిన్నమ్మ బీచుపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చి, పిల్లను ఒళ్లో పెట్టుకుని, "అబ్బో, దీని చేతులు సూడుండ్రి, తెడ్డు పడ్తది ఇది" అంది. మా అత్తగారికి ఆ మాట నచ్చలేదు.

ఇంకో కబురు. ఇద్దరి పడవను మళ్లీ పెట్టారు. ఈ ఏడు చివర్లో థాయిలాండులో ఆసియా పోటీలకు ఒక జోడీని పంపుతారట. పాత కోచ్ ఫోను చేసి నన్ను రమ్మన్నాడు. మరిచిపోకుండా పిలిచినందుకు ఆయనకు దండం పెట్టాలి. కేరళ అబ్బాయితోనే కూర్చోబెట్టాడు. మార్చి నెలంతా హైదరాబాదులో ఉన్నాను. ఒళ్లు బాగానే ఉంది, ఊపిరి బాగానే ఉంది. మళ్లీ అదే. పడవ పక్కకు లాగుతోంది. ఒకసారి బోల్తా పడ్డాం కూడా. కేరళ అబ్బాయి నీళ్లలోనే నన్ను చూసి నవ్వాడు. మంచివాడు. వాడి కోసమైనా నాకు సిగ్గేసింది.

సెప్టెంబరు మొదట్లో చివరి పరీక్ష. అందులో కుదరకపోతే ఇద్దరినీ ఇంటికి పంపుతారు. నాకు ముప్పై దగ్గర పడుతున్నాయి, ఇంకోసారి పిలవరు. నాతో పాటు వాడి అవకాశం కూడా పోతుంది. దింపు సంగతి కోచ్‌కు చెప్పాను. "పుట్టి గురించి నాకు చెప్పకు, తెడ్డు గురించి చెప్పు" అన్నాడు. ఆయనకు అలాగే అనిపిస్తుంది. నాకు మాత్రం తెడ్డు పట్టగానే ఎదురుగా నీ వీపే ఉంటుంది.

చిన్నాయన దగ్గరికి పోయాను. ఈసారి ఏట్లో నీళ్లు వస్తే జమీల్ బదులు నువ్వే నన్ను దించరాదా అని అడిగాను. రక్తసంబంధం ఉన్నవాడు దించితే చెల్లుతుందని పడవల మద్దిలేటి తాత అన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. "పోయినోడు వాడు. వాడే రావాలె. వాడు ఆడ పోటీల మీద పోటీలు ఆడుకుంట, ఈడ నేను తెడ్డు పట్టాల్నా?" అన్నాడు. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి నోరు మూసుకుని వచ్చేశాను.

ఆగస్టులో జూరాల గేట్లు ఎత్తుతారని అంటున్నారు. ఒక్క రెండు రోజులు రాగలవా?

విజయ్


దోహా,
15 జులై 2005

విజయన్నకు,

నీ బిడ్డకు నా దీవెనలు. చేతులు పొడుగ్గా ఉంటే ఎనిమిది మంది పడవకు పనికొస్తుంది. మనలా పొట్టిది కాకూడదు.

నా రెండేళ్లు అయిపోయాయి. ఈ దేశం తరఫున పేరు రాశారు. ఆ థాయిలాండు పోటీల్లోనే నేనూ ఉంటాను. నెలనుంచి ఆలోచిస్తున్నాను ఈ మాట నీకు ఎలా రాయాలా అని. ఇంతకన్నా వేరే దారి దొరకలేదు.

ఆగస్టులో రాలేను. సెలవు అడిగాను. క్యాంపు యూరపుకు పోతోంది, పంపడం కుదరదన్నారు. రెండేళ్లు ఏ పనీ చేయించుకోకుండా అన్నం పెట్టినవాళ్లను నేను ఎక్కువ అడగలేను.

నేను పోయిన ఏడు మే నెలలో రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే అబ్బాకు చదివి వినిపించు. అప్పుడు వద్దన్నాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను. అది విని ఆయన నిన్ను దించుతాడని కాదు. కొడుకు ఎలా ఉన్నాడో ఆయన తెలుసుకోవాలి.

నువ్వు ఓడిపోతే గెలవడానికి నేను ఇక్కడికి రాలేదు. నువ్వు అసలు నీళ్లలోనే లేకపోతే నేను ఎవరితో పోటీ పడాలి?

జమీల్


గద్వాల,
28 ఆగస్టు 2005

తమ్మీ జమీల్‌కు,

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. హైదరాబాదు రైలు ఆలస్యమట. ఎంత ఆలస్యమో వాళ్లకే తెలియదు. రైలు వచ్చేలోపు అయిపోవాలని మొదలుపెట్టాను. రాకపోయినా మంచిదే.

జూరాల గేట్లు ఎత్తారు. మనం చిన్నప్పుడు చూసిన ఏరు. ఎర్రటి నీళ్లు, మనం ఎప్పుడూ దిగే బండ కనిపించడం లేదు. జనమంతా వంతెన మీద నిలబడి చూస్తున్నారు.

నేను పోయేసరికి చిన్నాయన పుట్టికి తారు పూస్తున్నాడు. పక్కన కూర్చుని నీ ఉత్తరం చదివాను. ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుంటాను అన్నచోట ఆయన చెయ్యి ఆగింది.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"రెండేండ్లా?"

"రెండేండ్లు చిన్నాయనా."

"ఆని పీట మీద ఇంకోడు. వీడు ఒడ్డు మీద. చేతులు ఒళ్లె పెట్టుకొని." నన్ను అడిగినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టు ఉంది. తారు డబ్బా ఖాళీ అయ్యేదాకా పూశాడు. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి మా ముఖాలు చూసి లోపలికి వెళ్లిపోయింది. చివరికి అన్నాడు. "దినాము నేను ఆని మీద కోపానికొస్తుంటి. వాడు గూడ పుట్టిల కూసున్నోని లెక్కనే కూసున్నడు గద రా. ఆన్ని గూడ ఎవరూ దించకపోయిరి." తర్వాత, "రేపు పొద్దుగాల రా. ఒట్టి చేతులతోని రా" అన్నాడు.

పొద్దున ఒడ్డుకు పోతే మద్దిలేటి తాత అడ్డం వచ్చాడు. "చోటే, ఏరు మస్తుగున్నది. నీ బుజం పని జెయ్యదు. జర ఆగు, రెండు దినాలల్ల తగ్గుతది" అన్నాడు.

"బుజం నాది. ఏరు నీదా?" అన్నాడు చిన్నాయన.

ఏరు కిందికి ఈడ్చుకుపోతుంది కాబట్టి ముందు పుట్టిని ఒడ్డు వెంబడి పైకి లాగాలి కదా, నేను అంచు పట్టుకోబోయాను. చెయ్యి తీసేశాడు. "ఎక్కి కూసో. పెండ్లికొడుకు లెక్క కూసో." చాలా దూరం పైకి లాగాడు, నడుంలోతు నీళ్లలో, ఎడమ చేత్తోనే. ఇంకా ఎంత దూరం అని అడిగితే "నా ఒక్క చెయ్యికి గింత దూరం గావాలె" అన్నాడు. తర్వాత ఎక్కి మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేశాడు.

నేను పోలీసువాణ్ణి, జమీల్. ఎన్నో చూశాను. నిన్నటి భయం వేరు. నడి ఏట్లో పుట్టి గుండ్రంగా తిరిగింది. ఆయన కుడి చెయ్యి పైకి లేవలేదు. తెడ్డు జారింది. నా చేతులు నాకు తెలియకుండానే లేచాయి.

"చేతులు ఒళ్లె!"

ఆయన అరవడం నేను అంతవరకూ వినలేదు. నువ్వు విన్నావా? చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడివేసి కూర్చున్నాను. పుట్టి ఇంకోసారి తిరిగింది. ఆయన తెడ్డును చంకలో ఇరికించుకుని ఒంటితో నెట్టాడు, చేత్తో కాదు. ఏరు మమ్మల్ని ఎక్కడికో తీసుకుపోయింది. మన బండ దాటి చాలా కిందికి, తుమ్మచెట్ల దగ్గర ఒడ్డు తగిలింది.

దిగాను. ఆయన తెడ్డు కడిగాడు. కొసకు అంటిన ఒండ్రును కూడా వేలితో గీకి కడిగాడు. నా రెండు చేతుల్లో పెట్టాడు.

"జమీల్ దించిండు. సూసినవ్ గద?"

"సూసిన చిన్నాయనా."

"ఇగ ఎవనితోనైనా పో."

అంతే. ఆ తర్వాత కింద కూర్చుని భుజం పట్టుకున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.  చివరికి ఆయనే, "మద్దిలేటి ఆడి నుంచి సూస్తుండు. నాకు బుజం లేస్తలేదని ఆనికి జెప్పకు. నన్ను అవతలికి తీస్కపో" అన్నాడు. పుట్టిని మళ్లీ పైకి లాగి నేను తెడ్డు వేశాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నాయనా, ఇప్పుడు నేను నిన్ను దింపినట్టా అని అడిగాను.

"నేను నీ జోడీని గాను బిడ్డా. సరుకును. జర మెల్లగ తీస్కపో" అన్నాడు.

నడి ఏట్లో నీకు ఒక మాట చెప్పమన్నాడు. "ఆనికి రాయి. ఓడించేదుంటే ఓడించుమను. అడ్డం మాత్రం పోవద్దను. హోటల్ల ఎవడన్నా అడిగితే నేను జవాబు జెప్పుకుంట."

మా నాయన ఆయన్ను దించాడు. ఆయన నన్ను దించాడు. ఇంకేం రాయాలో తెలియడం లేదు. రైలు కూత వినిపిస్తోంది.

విజయ్


దోహా,
19 డిసెంబరు 2005

విజయన్నకు,

థాయిలాండులో భోజనాల దగ్గర కలిసినప్పుడు ఇద్దరం సరిగ్గా మాట్లాడలేదు. నీ పక్కన మీ కోచ్, నా పక్కన మా కోచ్. నువ్వు సంచిలో నుంచి అమ్మీ పంపిన ఎండు సజ్జరొట్టెలు తీసి బల్ల మీద పెట్టి, "బిరుసుగున్నయి, నానబెట్టుకో" అన్నావు. నేను సరే అన్నాను. అక్కడ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

మేము మొదట్లోనే ముందుకు పోయాం. సగం దూరం దాకా చైనా, జపాన్ తర్వాత మేమే. మీరు పక్క వరసలో మా వెనక ఉన్నారు. ముందున్న పడవవాళ్లకు వెనక వచ్చే పడవ కనిపిస్తుంది కదా. మొదటిసారి నువ్వు తెడ్డు వేస్తుంటే నేను చూశాను. నీ వీపు కనిపించింది. లాగే చివర్లో కుడి భుజం కొంచెం కిందికి దిగుతుంది. ఇన్నేళ్లూ నీకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సిన నేను నీకు ముందు కూర్చున్నాను. సరిచేసుకో.

ఆ వీపు దగ్గరికి వస్తూ ఉంది. కేరళ అబ్బాయి వంగే చోట నువ్వు వంగుతున్నావు, ఆగే చోట ఆగుతున్నావు. చూపుకు ఒక్క మనిషే ఉన్నట్టు ఉంది. నాకు కాళ్లలో బలం ఉంది, అన్నా. ఇంకా ఉంది. అంతా పెట్టాను. అబ్బా చెప్పినట్టు అడ్డం పోలేదు, తగ్గనూ లేదు. ఈ మాట నువ్వు నమ్మాలి.

నువ్వు నా పక్కకు వచ్చావు. నీ ఊపిరి వినిపించింది, పాత ఊపిరే. ఇంకొన్ని తెడ్లు వేసేసరికి నువ్వు నా వెనక్కి వెళ్లిపోయావు, అంటే ముందుకు. ఇక కనిపించలేదు. నీళ్ల చప్పుడు మాత్రం విన్నాను. దింపు అయిందని ఉత్తరంలో చదివాను కానీ నాకు తెలిసింది అప్పుడే.

మీకు మూడో స్థానం, మాకు నాలుగు. మా కోచ్ నాకు చెయ్యి ఇచ్చి, బాగా నడిపావు అన్నాడు. మావాళ్లు ఒక్కరూ ముఖం మాడ్చుకోలేదు. ఈ దేశం కూడా మంచిదే. వచ్చే ఏడు మళ్లీ నన్నే కూర్చోబెడతామన్నారు.

రొట్టెలు నానబెట్టకుండానే తిన్నాను.

నేను మిమ్మల్ని చూడలేకపోయిన ఆ చివరి దూరమంతా, నువ్వు మళ్లీ నా వీపును చూసి ఉంటావు. కనిపించిందా?

జమీల్


బీచుపల్లి,
9 జనవరి 2006

తమ్మీ జమీల్‌కు,

పతకం మీ ఇంట్లో ఉంది. చిన్నాయన హోటల్‌కు తీసుకుపోయి చూపించి వచ్చాడు. ఈసారి చాయ్ తాగాడు. "మూడు, నాలుగు రెండు మనయే" అని అందరికీ చెబుతున్నాడట. చిన్నమ్మ దాన్ని కొరికి చూసి, బంగారం కాదని తేల్చింది.

కుడి భుజం సంగతి కేరళ అబ్బాయికి చెప్పాను. పడవ ఆ పక్కకు వాలడంతో వాడికి ముందే తెలుసట, చెప్పడానికి భాష రాక ఊరుకున్నాడట. ఇప్పుడు ఇద్దరం కలిసి దిద్దుకుంటున్నాం.

వేసవిలో వీసా అడిగి రా. మా బిడ్డ పట్టుకుని నిలబడుతోంది. ఏట్లో నీళ్లు ఇంకా ఉన్నాయి.

నువ్వు అడిగిన దానికి జవాబు. కనిపించింది. చివరిదాకా చూశాను. అంగీ రంగు మారింది. వీపు అదే.

విజయ్